చిప్ ఫ్రీగా ఇస్తామన్నా వద్దన్నారు: ఇంటెల్, ఏఎమ్‌డీల మధ్య కంప్యూటర్ కంపెనీలు వేసుకునే లెక్క

క్లుప్తంగా

కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే ప్రాసెసర్ అనే చిప్‌ని ఎక్కువగా చేసేవి ఇంటెల్, ఏఎమ్‌డీ. వీటిలో మంచి చిప్ ఎవరు చేస్తే వాళ్ళకే మార్కెట్ వాటా వస్తుందని అనుకుంటాం గానీ మధ్యలో కంప్యూటర్ తయారుచేసే కంపెనీ ఒకటుంది, దాని లెక్కలు వేరు. వంద రూపాయల కంప్యూటర్ అమ్మితే దానికి మిగిలేది రెండు నుంచి ఆరేడు రూపాయలు. అందుకని చిప్ స్పీడ్ కన్నా ముందు చిప్ అమ్మేవాడు ఎంత వెనక్కిస్తాడు, అడిగినన్ని ఇవ్వగలడా, డిజైన్ పని ఎంత తగ్గిస్తాడు అనేవి చూసుకుంటుంది. చిప్ బాగుపడ్డ రెండు మూడేళ్ళకి గానీ వాటా కదలకపోవడానికి, చిప్ వెనకబడ్డాక కూడా వాటా వెంటనే పడిపోకపోవడానికి కారణం ఇదే.

ఎవరి నంబర్ నమ్మాలి?

ఈ మధ్య ప్రాసెసర్ల మీద వచ్చే వార్తలు చదివితే బుర్ర తిరుగుతుంది. ఒకటేమో ఏఎమ్‌డీ ఇంటెల్‌ని దాటేసింది అంటుంది, ఇంకోటి నాలుగు కంప్యూటర్లలో మూడింట్లో ఇప్పటికీ ఇంటెలే ఉంది అంటుంది. తమాషా ఏంటంటే రెండూ అబద్ధాలు కావు, రెండూ వేరే వేరే వాటి గురించి మాట్లాడుతున్నాయి అంతే.

సికింద్రాబాద్ సీటీసీలాంటి కంప్యూటర్ విడిభాగాల మార్కెట్‌కి వెళ్ళి గేమింగ్ సిస్టం కట్టించుకునేవాళ్ళు ఏఎమ్‌డీ రైజెన్ చిప్ కావాలని అడగడం ఇప్పుడు మామూలైపోయింది. అక్కడ కొనేవాడు చిప్ విడిగా కొంటాడు, రివ్యూ చూసి కొంటాడు, కాబట్టి ఏ చిప్ బాగుంటే దానికి ఆ నెలలోనే గిరాకీ వస్తుంది. 2024లో ఇంటెల్ 13వ, 14వ జనరేషన్ డెస్క్‌టాప్ చిప్‌లు ఎక్కువ వోల్టేజీ తీసుకుని క్రమంగా పాడైపోతున్నాయని బయటపడి, కంపెనీ వారంటీని ఇంకో రెండేళ్ళు పొడిగించాల్సి వచ్చినప్పుడు ఆ దెబ్బ ముందు తగిలింది ఇలాంటి కొట్లలోనే. కానీ ప్రపంచం మొత్తం మీద ఏడాదికి అమ్ముడయ్యే 26 కోట్ల పైచిలుకు పీసీల్లో ఇలా విడిభాగాలుగా కట్టించుకునేవి చాలా తక్కువ. ఎక్కువ భాగం లెనోవో, హెచ్‌పీ, డెల్, ఆసుస్, ఏసర్ లాంటి కంపెనీలు డబ్బాలో పెట్టి అమ్మేవి, అందులోనూ ల్యాప్‌టాప్‌లే ఎక్కువ. వీటిల్లో ఏ చిప్ ఉండాలో కొనేవాడు నిర్ణయించడు, వాడు షోరూంకి వెళ్ళేసరికే అది ఏడాది కిందట నిర్ణయమైపోయి ఉంటుంది.

మెర్క్యురీ రీసెర్చ్ అనే సంస్థ మూడు నెలలకోసారి ఈ లెక్కలు తీస్తుంది. 2024 చివరికి డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్, సర్వర్ మూడింటిలోనూ ఏఎమ్‌డీ వాటా అటూ ఇటూగా నాలుగో వంతు. గేమర్ల కంప్యూటర్లు మాత్రమే చూసే స్టీమ్ (గేములు అమ్మే ఆన్‌లైన్ కొట్టు) సర్వేలో 2025లో అది 40 శాతం చుట్టుపక్కల ఉంది. ఇంకో మెలిక, చిప్‌ల సంఖ్య వేరు, డబ్బు వేరు. సర్వర్లలో సంఖ్య ప్రకారం ఏఎమ్‌డీది నాలుగో వంతుకి కాస్త ఎక్కువైతే డబ్బు ప్రకారం 2025 మొదట్లోనే 40 శాతం దాకా వెళ్ళింది, ఎందుకంటే అది అమ్మేవి ఎక్కువ కోర్లున్న ఖరీదైన చిప్‌లు. 2024 మూడో క్వార్టర్లో ఏఎమ్‌డీ డేటా సెంటర్ ఆదాయం సుమారు 3.5 బిలియన్ డాలర్లు, ఇంటెల్‌ది 3.3 బిలియన్లు అని వచ్చేసరికి దాటేసింది దాటేసింది అని హెడింగులు పెట్టారు. ఏఎమ్‌డీ లెక్కలో ఏఐ కోసం అమ్మే గ్రాఫిక్స్ చిప్‌లు కూడా కలిసున్నాయనే సంగతి హెడింగులో పట్టలేదు.

ఐబీఎం పెట్టిన మెలిక

అసలు ఇద్దరు ఎందుకున్నారు, ఒక్కడే ఉండొచ్చు కదా అంటే దానికి 1981కి వెళ్ళాలి. ఐబీఎం తన మొదటి పీసీలో ఇంటెల్ 8088 పెట్టింది గానీ ఒక్క కంపెనీ మీదే ఆధారపడితే రేపు ఆ ఫ్యాక్టరీలో ఏదైనా తేడా వస్తే మన గతేంటి అని రెండో సరఫరాదారు ఉండాల్సిందే అని పట్టుబట్టింది. ఆ రోజుల్లో చిప్ పరిశ్రమలో అది మామూలు ఆనవాయితీనే. దాంతో 1982లో ఇంటెల్, ఏఎమ్‌డీ డిజైన్లు పంచుకునే ఒప్పందం చేసుకున్నాయి. అంటే ఏఎమ్‌డీ ఈ ఆటలోకి పోటీదారుగా రాలేదు, కస్టమర్ భయం వల్ల వచ్చింది.

పీసీ అమ్మకాలు పెరిగాక ఇంటెల్‌కి లెక్క మారింది. 1985లో 386 తెచ్చినప్పుడు డిజైన్ ఎవరికీ ఇవ్వం, మేమే చేస్తాం అని కూర్చుంది. ఐబీఎం వెనకా ముందూ చూస్తుంటే కాంపాక్ 1986లో 386తో పీసీ తెచ్చేసింది. అక్కడితో కంప్యూటర్ కంపెనీలకి అర్థమైపోయింది, రెండో సరఫరాదారు కావాలని మొండిపట్టు పడితే పక్కవాడు ముందే మార్కెట్లోకి వెళ్ళిపోతాడని. ఏఎమ్‌డీ కోర్టుకెక్కి, సొంతంగా 386 కాపీ తయారుచేసుకుని 1991లో బయటపెట్టింది. అదే ఏడాది 386 అనే అంకె ట్రేడ్‌మార్క్ కాదని కోర్టు చెప్పడంతో ఇంటెల్ ఇంక అంకెలు వదిలేసి పేర్లు పెట్టడం మొదలుపెట్టింది, 1993లో వచ్చిన పెంటియం అనే పేరు వెనక కథ అదే. 1995లో ఇద్దరూ రాజీపడి పేటెంట్లు పంచుకున్నారు. ఆ తర్వాత కూడా ఒకరి మెడ ఇంకొకరి చేతిలోనే ఉంది: 2003లో ఎక్స్86 (ఇద్దరి చిప్‌లకీ అర్థమయ్యే ఆదేశాల భాష)కి 64 బిట్ రూపం తెచ్చింది ఏఎమ్‌డీ, ఇటానియం అని వేరే దారి పట్టిన ఇంటెల్ 2004లో వెనక్కి తిరిగి ఏఎమ్‌డీ దారికే రావాల్సి వచ్చింది.

స్టిక్కర్ వెనక డబ్బు

1991లో ఇంటెల్ ఇన్‌సైడ్ ప్రచారం మొదలైంది. పైకి అది వినియోగదారుల కోసం చేసే యాడ్ లాగా కనిపిస్తుంది, లోపల మాత్రం కంప్యూటర్ కంపెనీలతో పెట్టుకున్న లావాదేవీ. కంపెనీ కొన్న ప్రాసెసర్ల విలువలో కొంత శాతం ఒక ఫండ్‌లో జమవుతుంది, ఆ కంపెనీ తన యాడ్‌లో, తన డబ్బా మీద ఇంటెల్ లోగో పెడితే యాడ్ ఖర్చులో కొంత ఆ ఫండ్ నుంచి తిరిగి వస్తుంది. ల్యాప్‌టాప్ మీద స్టిక్కర్, టీవీ యాడ్ చివర వినపడే ఆ స్వరాలు, ఇవన్నీ ఊరికే వచ్చినవి కావు.

చేతికి మిగిలేదే వందకి నాలుగైదు రూపాయలైన వ్యాపారంలో యాడ్ ఖర్చు ఇంకొకడు పెట్టుకోవడం చిన్న విషయం కాదు. కొంతకాలానికి ఆ డబ్బు అదనంగా వచ్చే బోనస్‌లా కాక బడ్జెట్లోనే ఒక భాగమైపోతుంది. అలవాటైపోయిన డబ్బు ఒక క్వార్టర్లో ఆగిపోతే షేర్‌హోల్డర్లకి ఏం చెప్పాలి అనేది అప్పట్నించీ చిప్ ఎంచుకునేటప్పుడు తలమీద కత్తిలా వేలాడుతూనే ఉంటుంది.

ఫ్రీ చిప్ కూడా ఖరీదే

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకుంటే మిగతా కథంతా దానంతటదే తెలిసిపోతుంది. ఇవి ఊహించుకున్న అంకెలు, నిజం కాంట్రాక్టులు ఇంత సూటిగా ఉండవు.

ఒక కంప్యూటర్ కంపెనీకి 100 చిప్‌లు కావాలి, ఇంటెల్ ధర ఒక్కోటి 10,000 రూపాయలు. నూటికి 95 అయినా మా దగ్గరే కొంటే మొత్తం బిల్లు మీద 10 శాతం వెనక్కిస్తాం అని ఇంటెల్ అంటుంది. వందా అక్కడే కొంటే బిల్లు 10 లక్షలు, వెనక్కి వచ్చేది లక్ష, నికరంగా 9 లక్షలు. ఇప్పుడు ఏఎమ్‌డీ వచ్చి 30 చిప్‌లు మా దగ్గర తీసుకోండి అంది. మిగతా 70 ఎలాగూ ఇంటెల్ దగ్గరే కొనాలి, ఎందుకంటే అన్ని చిప్‌లు చేసే ఫ్యాక్టరీలు ఏఎమ్‌డీకి లేవు, పైగా కొంతమంది కార్పొరేట్ కస్టమర్లు ఇంటెల్ తప్ప వద్దంటారు. ఆ 70కి 7 లక్షలు పూర్తిగా కట్టాలి, రిబేటు పోయింది కదా. పాత ఖర్చు 9 లక్షలు దాటకూడదంటే ఏఎమ్‌డీ 30 చిప్‌లకి మిగిలేది 2 లక్షలే, ఒక్కోటి 6,667 రూపాయలు. ఇంటెల్ ఇచ్చిన డిస్కౌంట్ పది శాతం, దాన్ని అందుకోడానికి ఏఎమ్‌డీ మాత్రం అదే చిప్‌ని మూడో వంతు తగ్గించి అమ్మాలి.

ఇంతా ఎందుకు, ముందు 10 చిప్‌లతో మొదలుపెట్టి చూద్దాం అని ఎవరైనా జాగ్రత్తపరుడు అన్నాడనుకోండి. ఇంటెల్‌కి 90 చిప్‌ల బిల్లు 9 లక్షలు. అంటే ఏఎమ్‌డీ ఆ పదీ ఉచితంగా ఇస్తే గానీ లెక్క పాత లెక్కతో సమానం కాదు! చిన్నగా మొదలుపెట్టేవాడికే శిక్ష ఎక్కువ, ఈ తరహా రిబేటులో ఉన్న అసలు పట్టు ఇదే.

ఇది కాగితం మీద లెక్కే అనుకోడానికి లేదు. 2005 జూన్‌లో ఏఎమ్‌డీ అమెరికాలోని డెలావేర్ కోర్టులో ఇంటెల్ మీద వేసిన దావాలో హెచ్‌పీకి తాము పది లక్షల ప్రాసెసర్లు ఉచితంగా ఇస్తామన్నా అది 1,60,000 మాత్రమే తీసుకుందని రాసింది. ఫ్రీగా వచ్చేదాన్ని ఎవరైనా వద్దంటారా అనిపిస్తుంది, పైన చూసిన లెక్క తెలిస్తే వద్దనడంలో ఆశ్చర్యం ఉండదు.

డెల్ కథ ఇంకా ముదురు. 2006 దాకా డెల్ ఒక్క ఏఎమ్‌డీ చిప్ కూడా వాడలేదు. ఆ నిష్ఠకి ఎంత వచ్చేదో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ తర్వాత బయటపెట్టింది: 2003 ఆర్థిక సంవత్సరంలో డెల్ ఆపరేటింగ్ ఆదాయంలో ఇంటెల్ ఇచ్చిన డబ్బు 10 శాతం, 2006 ఆర్థిక సంవత్సరానికి 38 శాతం, 2007 ఆర్థిక సంవత్సరం మొదటి క్వార్టర్లో ఏకంగా 76 శాతం. నాలుగింట మూడొంతుల లాభం సరఫరాదారు ఇచ్చిందే అయితే అది కంప్యూటర్లు అమ్మే కంపెనీనా, ఏఎమ్‌డీని దూరంగా ఉంచినందుకు జీతం తీసుకునే కంపెనీనా అని అడిగినవాళ్ళున్నారు, అడగడంలో తప్పులేదు. 2006 మే నెలలో డెల్ సర్వర్లలో ఏఎమ్‌డీ చిప్ ఆప్టెరాన్ పెడతామని ప్రకటించింది, ఇంటెల్ డబ్బు తగ్గిపోయింది, లాభాలు పడ్డాయి, పడటానికి అసలు కారణం మదుపరులకి సరిగా చెప్పలేదని 2010 జూలైలో డెల్ తప్పు ఒప్పుకోకుండానే 100 మిలియన్ డాలర్లు కట్టి కేసు వదిలించుకుంది.

కేసులు ఎటు తేలాయి

జపాన్ 2005లో, కొరియా 2008లో ఇంటెల్‌ని తప్పుపట్టాయి. 2009 మే నెలలో యూరోపియన్ కమిషన్ 1.06 బిలియన్ యూరోల జరిమానా వేసింది, అందులో డెల్, హెచ్‌పీ, లెనోవో, ఎన్‌ఈసీ, ఏసర్ పేర్లన్నీ ఉన్నాయి. హెచ్‌పీకి బిజినెస్ డెస్క్‌టాప్‌లలో 95 శాతం ఇంటెలే ఉండాలన్న షరతు కూడా ఆ తీర్పులోదే, పైన మన లెక్కలోని 95 ఊరికే రాయలేదు. అదే ఏడాది నవంబర్లో ఇంటెల్ ఏఎమ్‌డీకి 1.25 బిలియన్ డాలర్లు ఇచ్చి రాజీపడింది.

తర్వాత జరిగింది చాలామందికి తెలీదు. యూరప్ కేసు పై కోర్టుల్లో నలిగి నలిగి, ఆ రిబేట్లు అంతే సామర్థ్యమున్న పోటీదారుని నిజంగా బయటికి నెట్టగలవని కమిషన్ సరిగా నిరూపించలేదంటూ 2022లో జరిమానా కొట్టేశారు, 2024 అక్టోబర్లో యూరప్ అత్యున్నత కోర్టు దాన్నే ఖాయం చేసింది. ఏఎమ్‌డీ మోడల్ రాకుండా ఆపడానికో ఆలస్యం చెయ్యడానికో నేరుగా డబ్బిచ్చిన భాగం మాత్రం నిలబడింది, దానికి 2023లో విడిగా 376 మిలియన్ యూరోలు వేశారు. అంటే చట్టం దృష్టిలో కూడా రిబేటు ఇవ్వడం తప్పు కాదు, దాని వెనక లెక్క ఎలా ఉందన్నదే ప్రశ్న, ఆ లెక్క తేల్చడానికి పదిహేనేళ్ళు పట్టింది. ఈ లోపు మార్కెట్ ఎవరికోసం ఆగలేదు.

అన్నిటికీ రిబేటే కారణమా?

ఏఎమ్‌డీ అభిమానులు ఇక్కడితో ఆపేస్తారు. కానీ 2006 తర్వాత జరిగింది చూస్తే కథ అంత సులువుగా లేదు. డెల్ ఎట్టకేలకి ఏఎమ్‌డీ వైపు వచ్చిన ఏడాదే, జూలైలో ఇంటెల్ కోర్ 2 డ్యూయో వచ్చింది, అప్పటిదాకా వేడెక్కిపోతున్న పెంటియం 4తో తల్లడిల్లిన ఇంటెల్ ఒక్క దెబ్బతో ముందుకెళ్ళిపోయింది. ఏఎమ్‌డీ అదే ఏడాది 5.4 బిలియన్ డాలర్లు పెట్టి గ్రాఫిక్స్ చిప్‌లు చేసే ఏటీఐని కొని అప్పుల్లో పడింది. 2007 సెప్టెంబర్లో తెచ్చిన బార్సిలోనా సర్వర్ చిప్‌లో లోపం బయటపడి సరిచేసినవి 2008లో గానీ రాలేదు, 2011లో బుల్డోజర్ నిరాశపరిచింది, ఫ్యాక్టరీలని 2009లోనే గ్లోబల్‌ఫౌండ్రీస్ పేరుతో విడగొట్టేసుకోవాల్సి వచ్చింది. 2006లో సర్వర్లలో నాలుగో వంతు దాకా ఉన్న వాటా 2017కి ఒక్క శాతం కిందకి పోయింది.

ఇక్కడ గమనించాల్సింది టైమింగ్. ఏఎమ్‌డీ చిప్ బాగుంది 2003 నుంచి, వాటా శిఖరానికి చేరింది 2006లో. అంటే కంప్యూటర్ కంపెనీలు కదిలేసరికి ఆ చిప్ రోజులు అయిపోయాయి.

ఈ ఆలస్యానికి డబ్బు కాకుండా ఇంకో కారణం ల్యాప్‌టాప్ తయారయ్యే పద్ధతి. ప్రాసెసర్ మార్చడం అంటే బల్బు మార్చినట్టు కాదు. మదర్‌బోర్డు వేరు, చిప్‌సెట్ వేరు, వేడి బయటికి పోయే ఏర్పాటు వేరు, బయోస్ వేరు, డ్రైవర్లు వేరు, వీటన్నిటినీ మళ్ళీ టెస్ట్ చెయ్యాలి, తైవాన్‌లో క్వాంటా, కాంపాల్ లాంటి కాంట్రాక్టు తయారీదారులతో కూర్చుని ఏడాది ముందే మొదలుపెట్టాలి. ఇంటెల్ ఈ పనిలో చెయ్యి వేస్తుంది, సొంత ఇంజనీర్లని పంపిస్తుంది, సగం తయారైన డిజైన్ చేతిలో పెడుతుంది. 2003లో సెంట్రినో పేరుతో ప్రాసెసర్, చిప్‌సెట్, వైఫై మూడూ కట్టగట్టి ఇచ్చింది, 2011లో అల్ట్రాబుక్ ల కోసం 300 మిలియన్ డాలర్ల ఫండ్ పెట్టింది, ఇప్పటి ఈవో స్టిక్కర్ కూడా ఆ వరసలోదే. చిన్న ఇంజనీరింగ్ టీం ఉన్న కంపెనీకి ఇది రిబేటు కన్నా విలువైనది, పైగా ఇందులో ఏ కోర్టూ తప్పుపట్టేదేం లేదు.

ఆఫీసులకి అమ్మే మోడళ్ళలో ఇంకో ముడి ఉంది. వెయ్యి ల్యాప్‌టాప్‌లున్న ఆఫీసులో ఐటీ వాళ్ళు ఒకే సాఫ్ట్‌వేర్ ఇమేజ్ అన్నిట్లో వేస్తారు, ఆర్నెల్లకోసారి హార్డ్‌వేర్ మారితే వాళ్ళకి తలనొప్పి. ఇంటెల్ కనీసం 15 నెలలు ప్లాట్‌ఫాం మార్చం అని హామీ ఇచ్చే ప్రోగ్రాం ఒకటి నడుపుతుంది, దూరం నుంచి మెషీన్‌ని సరిచేసే వీప్రో ఉంది. సరుకు కొనే ఆఫీసరుకి కూడా పాతదే కొంటే ఎవరూ ఏమీ అడగరు, కొత్తది కొంటే మాత్రం రేపు ఏ చిన్న సమస్య వచ్చినా ఇది నువ్వు కొన్నదేగా అంటారు. మన కాలేజీల ల్యాబ్ కొటేషన్లలో ఇన్ని కోర్లు, ఇంత స్పీడ్ అని కాకుండా ఐ5 అని ఇంటెల్ చిప్ పేరు ఒక్క ముక్క రాసేయడం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఇది మన ఒక్కచోటి జబ్బు కూడా కాదు, 2004లో జర్మనీ, ఇటలీ లాంటి దేశాల ప్రభుత్వ టెండర్లలో ఇంటెల్ పేరు రాస్తున్నారని యూరోపియన్ కమిషన్ వాళ్ళకి నోటీసులిచ్చింది.

సర్వర్లు ఎందుకు ఎక్కువ కదిలాయి

2014 అక్టోబర్లో లీసా సూ సీఈవో అయ్యేనాటికి ఏఎమ్‌డీ బతుకుతుందా అని అందరికీ అనుమానమే, 2015లో షేరు రెండు డాలర్ల కింద తిరిగింది. 2017 మార్చిలో జెన్ డిజైన్‌తో రైజెన్, జూన్‌లో సర్వర్ల కోసం ఎపిక్ వచ్చాయి. అవతల ఇంటెల్ 10 నానోమీటర్ల ప్రాసెస్ (అంకె ఎంత తగ్గితే చిప్ తయారీ పద్ధతి అంత కొత్తది) దగ్గర ఇరుక్కుపోయింది, 2016 ప్రాంతంలో రావాల్సింది 2019కి గానీ పెద్ద సంఖ్యలో రాలేదు, డెస్క్‌టాప్‌లో అయితే 2015 నాటి 14 నానోమీటర్లనే సాగదీసి సాగదీసి 2021 దాకా నెట్టుకొచ్చింది. ఫ్యాక్టరీలు వదిలేసుకోవడం ఏఎమ్‌డీకి ఇప్పుడు కలిసొచ్చింది, తైవాన్ టీఎస్‌ఎంసీ 7 నానోమీటర్ల లైన్ మీద 2019లో జెన్ 2 తెచ్చింది.

సర్వర్లలో వాటా ఒక్క శాతం నుంచి నాలుగో వంతుకి ఏడేళ్ళలో పెరిగింది, ల్యాప్‌టాప్‌లో పెరుగుదల అంత లేదు. కారణం కొనేవాళ్ళలో తేడా. సర్వర్లు కొనేది అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్, మెటా లాంటి కొద్దిమంది, వాళ్ళు డబ్బాలు సొంతంగా డిజైన్ చేయించుకుంటారు, స్టిక్కర్ తో వాళ్ళకి పనిలేదు, కరెంటు బిల్లుకి ఎంత పని జరిగిందో లెక్కగట్టుకుంటారు. అదే స్వేచ్ఛ ఏఎమ్‌డీకి కూడా ఎదురు తిరగొచ్చు: అమెజాన్ 2018లోనే గ్రావిటన్ పేరుతో ఆర్మ్ (ఎక్స్86 కాని వేరే ఆదేశాల భాష) చిప్ సొంతంగా చేసుకుంది, మైక్రోసాఫ్ట్ కోబాల్ట్, గూగుల్ ఆక్సియన్ ఆ తర్వాత వచ్చాయి.

2018 సెప్టెంబర్లో ఇంకో విచిత్రం జరిగింది. చిప్‌లు సరిపోవడం లేదని ఇంటెల్ తాత్కాలిక సీఈవో బాబ్ స్వాన్ బహిరంగ లేఖ రాసి, ఖరీదైన జియాన్, కోర్ చిప్‌లకే ముందు సరఫరా అన్నాడు. చవక ల్యాప్‌టాప్‌లు చేసే కంపెనీలకి చిప్‌లు దొరక్క ఏఎమ్‌డీ తలుపు తట్టాయి. ఎన్నేళ్ళు ఎన్ని దావాలు వేసినా తెరుచుకోని చోట్ల ఒక్క కొరతతో ఏఎమ్‌డీ లోపలికి వెళ్ళింది. 1981లో ఐబీఎం భయపడింది సరిగ్గా ఇందుకే.

కానీ వెళ్ళాక నిలబడాలంటే సరుకుండాలి. టీఎస్‌ఎంసీ లైన్ మీద యాపిల్, ఎన్‌విడియా లాంటివాళ్ళు కూడా క్యూలో ఉంటారు. 2020 నవంబర్లో ప్లేస్టేషన్ 5, కొత్త ఎక్స్‌బాక్స్ రెండూ వచ్చాయి, రెండిట్లోనూ ఏఎమ్‌డీ చిప్‌లే, అవి కూడా ఆ 7 నానోమీటర్ల వేఫర్ల (చిప్‌లు ముద్రించే సిలికాన్ పలకల) నుంచే కోసుకోవాలి. దొరికిన వేఫర్లలో వేల డాలర్లకి అమ్ముడయ్యే ఎపిక్ చెయ్యాలా, వంద డాలర్ల ల్యాప్‌టాప్ చిప్ చెయ్యాలా అంటే ఏ కంపెనీ అయినా ఏది చేస్తుందో చెప్పక్కర్లేదు. లెనోవో, హెచ్‌పీ లాంటి పెద్ద కంపెనీలు ఇంటెల్‌ని వదలకపోవడానికి రిబేటు కన్నా ఇప్పుడు ఇదే పెద్ద కారణం.

ఇద్దరినీ వదిలేసినవాళ్ళు

యాపిల్ దారి వేరు. 2003లో స్టీవ్ జాబ్స్ ఏడాదిలో ఐబీఎం చేసే జీ5 చిప్‌ని 3 గిగాహెర్ట్జ్ స్పీడ్‌కి తెస్తామని స్టేజీ మీద చెప్పాడు, ఐబీఎం అందివ్వలేకపోయింది, జీ5 ల్యాప్‌టాప్‌లో పట్టేంత చల్లగా కూడా లేదు. 2005లో ఇంటెల్‌కి మారతామని ప్రకటించారు. పదిహేనేళ్ళకి ఇంటెల్ కూడా అదే చోట ఆగిపోయేసరికి 2020 నవంబర్లో సొంత ఎం1 తెచ్చి 2023 జూన్ కల్లా మొత్తం మాక్‌లన్నీ మార్చేశారు. ఇది డెల్‌కి, హెచ్‌పీకి కుదిరే పని కాదు, ఎందుకంటే యాపిల్ చేతిలో ఆపరేటింగ్ సిస్టం ఉంది, కోట్ల కొద్దీ అమ్మే ఐఫోన్ చిప్‌ల అనుభవం ఉంది, విండోస్ కంపెనీలకి ఆ రెండూ లేవు.

విండోస్ వైపు ఆర్మ్ ప్రయత్నం 2012లో ఒకసారి తలకిందులైంది, సర్ఫేస్ ఆర్‌టీ మీద మైక్రోసాఫ్ట్ 900 మిలియన్ డాలర్లు నష్టంగా రాసుకుంది. 2024 జూన్‌లో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్‌తో మళ్ళీ వచ్చింది. బ్యాటరీ బాగా వస్తుంది, పాత సాఫ్ట్‌వేర్, ప్రింటర్ డ్రైవర్లు, కొన్ని గేములు ఇంకా ఇబ్బంది పెడతాయి. వాటా సంగతి పక్కనపెడితే దాని ప్రభావం వేరే చోట కనపడింది: 2024 అక్టోబర్లో బద్ధశత్రువులైన ఇంటెల్, ఏఎమ్‌డీ కలిసి ఎక్స్86 ని కాపాడుకోడానికి ఒక సలహా బృందం పెట్టుకున్నాయి, అందులో డెల్, హెచ్‌పీ, లెనోవో కూడా ఉన్నాయి. అన్నట్టు ఇంటెల్, ఏఎమ్‌డీ, క్వాల్‌కామ్ మూడింటికీ హైదరాబాద్‌లో డిజైన్ ఆఫీసులున్నాయి, ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారిన ఇంజనీర్లకి ఈ పోటీ రోజూ చూసేదే.

ఇక ముందు

2025 జనవరిలో డెల్ బిజినెస్ పీసీల్లో ఏఎమ్‌డీ చిప్‌లని పెద్ద ఎత్తున పెడుతున్నట్టు ప్రకటించింది. ఆప్టెరాన్ ప్రకటనకీ దీనికీ మధ్య దాదాపు పందొమ్మిదేళ్ళు. అదే ఏడాది ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ఇంటెల్‌లో సుమారు 10 శాతం వాటా తీసుకుంది, సెప్టెంబర్లో ఎన్‌విడియా 5 బిలియన్ డాలర్లు పెడతామని, ఇంటెల్‌తో కలిసి పీసీ చిప్‌లు చేస్తామని చెప్పింది. ఇంటెల్ మునిగిపోతే రెండో సరఫరాదారు ఉండడు అన్న భయం ఇప్పుడు కంప్యూటర్ కంపెనీలకే కాదు, ప్రభుత్వాలకి కూడా పట్టుకుంది. ఇక్కడ సరఫరాదారు అంటే చిప్ డిజైన్ చేసేవాడు కాదు, చిప్ ముద్రించే ఫ్యాక్టరీ, ఎందుకంటే ఏఎమ్‌డీ, యాపిల్, క్వాల్‌కామ్, ఎన్‌విడియా అందరూ టీఎస్‌ఎంసీ గేటు ముందే నిలబడి ఉన్నారు, 2024లో వచ్చిన లూనార్ లేక్ ల్యాప్‌టాప్ చిప్ కోసం ఇంటెల్ కూడా అక్కడికే వెళ్ళింది.

2025 చివర్లో ఇంటెల్ మళ్ళీ పాత మాటే చెప్పింది, చిప్‌లు చాలడం లేదు, సర్వర్లకే ముందు ఇస్తాం అని. 2018లో ఇలాగే జరిగినప్పుడు ఏఎమ్‌డీకి లాభమైంది, ఈసారి ఏఎమ్‌డీ దృష్టి కూడా సర్వర్లు, ఏఐ మీదే ఉంది కాబట్టి చవక ల్యాప్‌టాప్‌లని పట్టించుకునేవాళ్ళు ఇద్దరిలోనూ తక్కువే. అలాంటప్పుడు తయారీదారు చేసేది పాత డిజైన్‌ని కొత్త పేరుతో వాడుకోవడం. ఇంటెల్ కోర్ 5 120యూ అని కొత్తగా వినిపించేది లోపల 13వ జనరేషన్ కాలం నాటి రాప్టర్ లేక్ డిజైనే. ఏఎమ్‌డీ కూడా తక్కువ తినలేదు, రైజెన్ 5 7520యూ అని డబ్బా మీద ఉంటే అందులో మొదటి అంకె 7 చూసి కొత్తదనుకోకూడదు, చూడాల్సింది మూడో అంకె. అది 2, అంటే లోపలున్నది 2019 నాటి జెన్ 2.